టూరు ప్రోగ్రాంలో మధ్యాహ్నం హాల్టు రాయండి



మే నెల కుటుంబ టూరుకు కమిటీవాళ్లు తయారుచేసిన ప్రోగ్రాం అందరికీ అందింది. ఈసారి కూడా ఈసీఆర్ వైపు థీమ్ పార్కే. ఉదయం 6.30కు బస్సు, 10 గంటలకు పార్కులోపల, 1.00 నుంచి 1.30 దాకా భోజనం, మళ్లీ సాయంత్రం 6 దాకా ఆటలు, రాత్రి 9కి ఇల్లు. చార్జీ ఎంత, ఎవరి దగ్గర కట్టాలి, మంచినీళ్ల క్యాన్లు ఎవరు తేవాలి, అన్నీ శ్రద్ధగా రాశారు. ఇంతమందిని కూడగట్టడం ఎంత కష్టమో మాకు తెలుసు. దాన్ని తక్కువ చెయ్యడానికి ఇది రాయడం లేదు. ఆ కాగితంలో ఒక్క వరస మార్చమని అడగడానికి రాస్తున్నాం. "1.00 – 1.30 భోజనం" అనేచోట "12.30 – 3.00 భోజనం, విశ్రాంతి, అందరికీ" అని రాయండి. ఆ చివరి మాట ముఖ్యం. అందరికీ. ఎందుకో వివరంగా చెబుతాం, ఓపికగా చదవండి.

మొదట ఎండ సంగతి. మనం పోయేది నడి మే నెలలో. తెలుగు పంచాంగం దాన్ని కర్తరి అంటుంది. మన తమిళ ఇరుగుపొరుగు కత్తిరి వెయిల్ అంటారు, అగ్ని నక్షత్రం అంటారు. పేర్లు వేరు, ఎండ ఒకటే. మే 4 ప్రాంతంలో మొదలై 28 ప్రాంతంలో ముగుస్తుంది. కర్తరిలో మన పెద్దవాళ్లు ఇంటికి పునాది తియ్యరు, బావి తవ్వించరు. కొందరు దాన్ని నమ్మకం అంటారు. మాకైతే ఎండలో మట్టిపని చేసేవాడి ఒంటిని కాపాడిన ఏర్పాటుగా కనిపిస్తుంది. కూలివాడిని కూడా పనికి పిలవని రోజుల్లో మనం మాత్రం అవ్వలను, తాతలను, చంటిబిడ్డలను తీసుకుపోయి సిమెంటు నేల మీద, ఇనుప కమ్మీల మధ్య క్యూలో నిలబెడుతున్నాం. ప్రతి ఎండాకాలం ఆరోగ్యశాఖవాళ్లు చెప్పే మొదటి జాగ్రత్త ఏమిటి? 12 నుంచి 3 దాకా ఎండలోకి రావద్దని. మన ప్రోగ్రాంలో సరిగ్గా ఆ మూడు గంటల్లో అరగంట భోజనానికి, రెండున్నర గంటలు క్యూలకు ఇచ్చాం.

ఎండ అంటే థర్మామీటరు అంకె ఒక్కటే కాదు. మనది సముద్రపు ఒడ్డు ఊరు. గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరకపోతే ఒంట్లో నీళ్లు, ఉప్పు పోవడమే మిగులుతుంది. ఎండాకాలంలో పొద్దున్నుంచి పడమటి గాలి, అంటే నేల మీది వేడిగాలి కొడుతుంది. సముద్రపు గాలి తిరిగిన తరువాతే ప్రాణం లేచివస్తుంది. ఆ గాలి కొన్నాళ్లు పన్నెండుకే వస్తుంది, కొన్నాళ్లు రెండు దాటినా రాదు. ఈసీఆర్‌లో సాయంత్రం నాలుగున్నరకు నిలబడి చూడండి, అదే తావు, అదే నేల, వేరే ఊరులాగా ఉంటుంది. ఆ సాయంత్రాన్ని అనుభవించే ఓపిక మనకు మిగలాలి కదా!

ఈ ఎండ అందరినీ ఒకే విధంగా పట్టదు. వయసు మీద పడినవాళ్లకు దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా నోరు అడగదు. బీపీకి వేసుకునే మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేట్టు చేస్తాయి. షుగరుకు మందు వేసుకునేవాళ్లలో కొందరికి తిండివేళ తప్పితే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. అది వేడి వల్లనా, షుగరు పడిపోయిందా అని ఆ రద్దీలో ఎవరు చూడగలరు? పిల్లకాయల సంగతి ఇంకొకటి. చిన్న ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. తనకేమవుతుందో చెప్పే మాట వాళ్ల దగ్గర ఉండదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తికమక మాట్లాడితే అది వడదెబ్బ, ఆస్పత్రి కేసు. అక్కడిదాకా పోకుండా ఆపే పని నీడ, నీళ్లు, పడక చేస్తాయి. మూడూ ఖర్చులేనివే.

రెండేళ్ల కిందట టూరులో ఏం జరిగిందో చాలామందికి గుర్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు మన పెద్దావిడ ఒకరు క్యూలో ఉండగా కమ్మీ పట్టుకొని అట్లాగే కూర్చుండిపోయారు. పార్కువాళ్లే పరుగున కుర్చీ తెచ్చారు, ఓఆర్ఎస్ నీళ్లు ఇచ్చారు. అరగంటలో తేరుకున్నారు. పెద్ద ఆపద ఏమీ కాలేదు, దేవుడి దయ. కాని ఆమె తరువాతి ఏడు టూరుకు రాలేదు. అడిగితే "మీకు భారం ఎందుకు నాయనా, పిల్లకాయలు పోయిరానీండి" అన్నారు. ఆమెకు కావలసింది రెండు గంటల నీడ. మన ప్రోగ్రాంలో అది లేదు కాబట్టి తానే భారం అనుకొని తప్పుకున్నారు. సంఘం పెద్దలు ఈ మాట మీద కొంచెం ఆలోచించాలి. ఒక్కొక్క ఏడు ఇట్లా ఒక్కొక్కరు తప్పుకుంటే పదేళ్లకు అది కుటుంబ టూరుగా ఉండదు, కాలేజీ పిల్లల పిక్నిక్ అవుతుంది.

అదే రోజు మూడు గంటలకు ఒక నాలుగేళ్ల బిడ్డ నేల మీద పడి దొర్లి ఏడ్చింది. ఐస్‌క్రీం కొనిచ్చారు, ఊరుకోలేదు. తిట్టారు, ఊరుకోలేదు. మారాం చేస్తోందని నలుగురూ నాలుగు మాటలు అన్నారు. తల్లి ముఖం చిన్నబోయింది. ఇంటిదగ్గర ఆ బిడ్డ రోజూ ఆ వేళకు నిద్రపోతుంది. దానికి మారాం లేదు, నిద్ర వచ్చింది. బస్సెక్కిన రెండు నిమిషాలకు తల వాల్చేసింది.

ఇక్కడ ఒక మాట వస్తుంది. "అలిసినవాళ్లు కూర్చోవచ్చు కదా, ఎవరు వద్దన్నారు? ప్రోగ్రాంలో రాయడం ఎందుకు?" వినడానికి న్యాయంగానే ఉంటుంది. జరిగేది వేరు. అలిసినవాళ్లు కూర్చుంటే వాళ్ల చుట్టూ బ్యాగులు చేరతాయి. చెప్పులు, తడిబట్టలు, సెల్‌ఫోన్లు, చంటిపిల్లలు, అన్నీ వాళ్ల మీదికి వస్తాయి. కాపలా కూర్చోవడం విశ్రాంతి కాదు, డ్యూటీ. ఇంక తల్లుల సంగతి. వాళ్లు కూర్చోనే కూర్చోరు. ఒక బిడ్డ ఈ క్యూలో, ఒక బిడ్డ ఆ క్యూలో ఉంటే మధ్యలో ఎట్లా కూర్చుంటారు? మగవాళ్లకు పరువు అడ్డం. పక్కవాడు తిరుగుతుంటే నేను పడుకుంటే ఏమనుకుంటారో అని. కాబట్టి ఎవరికి వాళ్లే తీసుకోండి అని వదిలేసిన విశ్రాంతిని ఎవరూ తీసుకోరు. అందరికీ ఒకే వేళకు రాస్తేనే అది జరుగుతుంది.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరయిన వాళ్లం. క్రూ బుకింగ్ రిజిస్టర్లు చూసిన వాళ్లం. రైలు నడిపేవాడికి విశ్రాంతి అతని ఇష్టానికి వదలలేదు, రూలుగా రాసిపెట్టారు. 8 గంటలు, అంతకు మించి డ్యూటీ చేసి హెడ్‌క్వార్టర్స్‌కు వస్తే 16 గంటల రెస్టు. బయటి ఊళ్లో దిగితే 8 గంటల రెస్టు. దానికోసం ప్రతి పెద్ద స్టేషన్లో రన్నింగ్ రూమ్ కట్టారు, మంచం, భోజనం అక్కడే. రెస్టు అయ్యేదాకా అతన్ని లేపరు. అయ్యాక కాల్ బాయ్ పుస్తకం పట్టుకొని పోయి లేపి సంతకం తీసుకొచ్చేవాడు. "నాకు అలసట లేదు, పోతాను" అని డ్రైవరు చెబితే సరిపోదు. అలసిన మనిషికి తాను అలసినట్టు తెలియకపోవడమే అసలు చిక్కు. ఆ సంగతి తెలిసినవాళ్లే రూలు రాశారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. రైలు పట్టాలకు కూడా విశ్రాంతి వేళ ఉంటుంది. కారిడార్ బ్లాక్ అంటారు. రోజులో కొంతసేపు ఆ లైను మీద రైళ్లు లేకుండా టైంటేబుల్లోనే ఖాళీ పెడతారు. ఆ వేళలో గ్యాంగువాళ్లు పట్టాలు, తీగలు సరిచేస్తారు. తెలియనివాళ్లు ఆ ఖాళీ చూసి, ఇంకొక రైలు నడపవచ్చు కదా అంటారు. ఆ ఖాళీ ఉంది కాబట్టే మిగతా రైళ్లు వేగంగా, క్షేమంగా పోతున్నాయి. మన టూరులో మధ్యాహ్నం రెండున్నర గంటలు అట్లాంటి ఖాళీ.

ఇంక డబ్బు మాట. మనవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమంది మనసులో ఉండేది ఇదే. "ఇంత పోసి టికెట్ కొన్నది పడుకోవడానికా?" గుమాస్తా లెక్కలోనే చెబుతాం. 10 నుంచి 6 దాకా 8 గంటలు. అందులో రెండున్నర తీస్తే అయిదున్నర మిగులుతుంది. సెలవుల్లో, అందులోనూ ఆదివారం, మధ్యాహ్నం పూట పేరున్న ఆటకు అరగంటకు తక్కువ కాకుండా నిలబడాలి. ఆట నడిచేది రెండు మూడు నిమిషాలు. అంటే భోజనం పోను మిగిలిన రెండు గంటల్లో నాలుగు ఆటలు, పన్నెండు నిమిషాల సంతోషం. ఆ పన్నెండు నిమిషాలకోసం సాయంత్రం మూడు గంటలు పాడుచేసుకుంటున్నాం. నాలుగు గంటలకు మనవాళ్లను చూశారా? సగంమంది గేటు దగ్గర అరుగు మీద కూర్చొని బస్సు ఎప్పుడని అడుగుతుంటారు. సముద్రపు గాలి వీచేవేళ, ఎండ వాలేవేళ, రద్దీ కూడా పలచబడే వేళ మనం ఇంటిదారి చూస్తున్నాం. జమాఖర్చు వేస్తే నష్టం ఎక్కడుందో మీరే చెప్పండి.

ఈ పద్ధతి మేము కనిపెట్టింది కాదు. మన సభ్యుల్లో చాలామంది బిడ్డలు అమెరికాలో ఉన్నారు. తల్లిదండ్రులు పోయినప్పుడు ఆర్లాండోలోని డిస్నీ పార్కులకు తీసుకుపోతారు. మేమూ పోయివచ్చాం. 1971లో మొదలైన మ్యాజిక్ కింగ్‌డమ్‌తో కలిపి అక్కడ నాలుగు పెద్ద పార్కులు ఉన్నాయి. మా కోడలు ముందే చెప్పింది: "మామయ్యా, పొద్దున గేటు తెరిచే వేళకు అక్కడ ఉందాం. ఒంటి గంటకు హోటలుకు వచ్చేద్దాం. పిల్లలు పడుకుంటారు, మీరూ పడుకోండి. అయిదుకు మళ్లీ పోదాం." మేము ఆశ్చర్యపోయాం. అంత డబ్బు పోసి మధ్యలో వచ్చేయడమా అని. మధ్యాహ్నం హోటలు బస్సులో చూస్తే నిండా చంటిబిడ్డల బండ్లతో తిరిగివచ్చే కుటుంబాలే. అక్కడ ఎండాకాలం మధ్యాహ్నం మనలాగే ఉక్కపోత, పైగా చాలా రోజులు ఉరుములు మెరుపులతో వాన. మెరుపులుంటే బయటి ఆటలు ఆపేస్తారు. ఆ వేళకు పడుకొని లేచినవాళ్లు రాత్రి బాణసంచా దాకా తెలివిగా ఉంటారు. పడుకోనివాళ్ల బిడ్డలు బాణసంచా వేళకు తండ్రి భుజం మీద నిద్రపోతుంటారు. ఏ బాణసంచా కోసం సముద్రాలు దాటి వచ్చారో అది చూడకుండానే.

అయితే అక్కడికీ ఇక్కడికీ తేడా ఉంది, దాన్ని దాచకూడదు. అక్కడ పార్కు రాత్రి దాకా తెరిచి ఉంటుంది, ఒక్కసారి కొన్న టికెట్‌తో అదే రోజు బయటికి పోయి మళ్లీ రావచ్చు, హోటలు దగ్గరే. మన వైపు పార్కులు ఎక్కువగా పది, పదకొండుకు తెరిచి సాయంత్రం ఆరేడు గంటలకు మూసేస్తారు. చాలాచోట్ల ఒకసారి బయటికి పోతే మళ్లీ లోపలికి విడవరు. మనకు హోటలు రూములూ లేవు. కాబట్టి వాళ్ల పద్ధతిని ఉన్నది ఉన్నట్టు ఎత్తుకురాలేం. మన హాల్టు పార్కు లోపలే జరగాలి. దానికి ముందే ఏర్పాటు కావాలి. ఎనభై మంది గ్రూపు బుకింగ్ అంటే పార్కువాళ్లకు మంచి బేరం. భోజనం ఎట్లాగూ వాళ్ల దగ్గరే తీసుకుంటున్నాం. ఆ బేరంలోనే, రెండున్నర గంటలకు ఫ్యాన్లు ఉన్న ఒక హాలు ఇవ్వండి అని అడగాలి. పుట్టినరోజు విందులకు, కంపెనీ మీటింగులకు హాళ్లు ఉన్న పార్కులు ఉన్నాయి. హాలు లేదంటే చెట్ల నీడ ఎక్కడుందో ముందే ఒకరు పోయి చూసిరావాలి. మన సంఘం గదిలో పెళ్లిళ్లకు వాడే భవాని జమక్కాళాలు ఉన్నాయి కదా, అవి నాలుగు బస్సులో వేసుకుంటే చాలు. లోపలికి అనుమతి ఉందా లేదా అన్నది కూడా అప్పుడే అడిగి పెట్టుకోవాలి.

నీళ్ల ఆటల వేళలు కూడా ముందే కనుక్కోవాలి. కొన్ని పార్కుల్లో అలల కొలను, జారుడు బండలు మధ్యాహ్నం తెరిచి అయిదుకే మూసేస్తారు. అట్లా ఉంటే పొద్దున పొడి ఆటలు, మూడు నుంచి అయిదు దాకా నీళ్లు, ఆ తరువాత ఎండ వాలాక పెద్ద ఆటలు. తిన్న వెంటనే గిరగిర తిరిగే ఆట ఎక్కి వాంతి చేసుకునే బాధ కూడా దీనితో తప్పుతుంది.

ఇంక బస్సు డ్రైవరు. ప్రోగ్రాంలో అతని పేరు ఎక్కడా ఉండదు. ఉదయం 6.30కు మన వీధికి బస్సు రావాలంటే అతను నాలుగున్నరకైనా లేవాలి. రాత్రి 9కి మనల్ని దించి, బండి షెడ్డులో పెట్టేటప్పటికి పది. మన ప్రాణాలన్నీ చివరి రెండు గంటల్లో ఆ మనిషి కళ్లమీద ఆధారపడి ఉంటాయి. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961లోనే రోజుకు 8 గంటల పని అని, 5 గంటలు పనిచేస్తే అరగంటకు తక్కువ కాకుండా విశ్రాంతి అని రాశారు. టూరు బస్సులో దాన్ని ఎవరు చూశారు? మనం లోపల ఆడుతుంటే అతను ఎండలో నిలబెట్టిన బండిలో సీటు మీద ఒరుగుతాడు. ఇంజను ఆపితే ఏసీ ఉండదు. అది నిద్రా? డ్రైవరుకు, క్లీనరుకు మనతోపాటే భోజనం, మనతోపాటే నీడ, మనతోపాటే పడక ఇవ్వాలి. పార్కు బయటైతే దగ్గర్లో ఒక లాడ్జి రూము తీసినా ఎనభై మంది పంచుకుంటే తలకు పది పదిహేను రూపాయలు కాదు. రైలు డ్రైవరుకు రన్నింగ్ రూమ్ కట్టిన బుద్ధి మన బస్సు డ్రైవరు విషయంలో ఎందుకు పనిచెయ్యదు?

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. హాల్టు రాస్తే చాలదు. అది వాళ్లకు ఇంకొక వంటిల్లు కాకూడదు. మన ఇళ్లల్లో విశ్రాంతి అంటే మగవాళ్లు పడుకోవడం, ఆడవాళ్లు గిన్నెలు సర్దడం అని అలవాటు. తడిబట్టలు మార్చేది వాళ్లు, అన్నం తినిపించేది వాళ్లు, ఎవరి మాత్ర ఎవరికి ఇవ్వాలో గుర్తుపెట్టుకునేది వాళ్లు. టూరు ముందురోజు రాత్రి పులిహోర, కట్టుసాదం కలిపి పన్నెండుకు పడుకొని, నాలుగుకు లేచేది కూడా వాళ్లే. అందుకని ఒక రూలు పెడదాం. హాల్టులో వడ్డన మగవాళ్లది. ఆకులు తియ్యడం, పిల్లకాయలను చూడడం కుర్రవాళ్లది, వంతుల ప్రకారం. తల్లులు మొదట తినాలి, మొదట పడుకోవాలి. నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాం. పెళ్లిపంక్తిలో మగవాళ్లు ఎంత చక్కగా వడ్డిస్తారో మాకు తెలుసు.

కుర్రకారు వాదన కూడా న్యాయమైనదే. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి మధ్యాహ్నం నిద్ర రాదు. వాడిని బలవంతంగా పడుకోబెట్టలేం. మేము చెప్పేది ఇది: 12.30 నుంచి 2.00 దాకా అందరూ ఒక్కచోట ఉండాలి, తినాలి, నీళ్లు తాగాలి, కూర్చోవాలి. 2.00 తరువాత పదిహేనేళ్లు దాటినవాళ్లు ఇద్దరిద్దరుగా పోవచ్చు. పిల్లలు, పెద్దలు, తల్లులు 3.00 దాకా కదలకూడదు. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

మధ్యాహ్నం పడుకోవడం సోమరితనం అనేవాళ్లకు ఒక మాట. ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది, 1996 నుంచి. తమిళ, మలయాళ, కన్నడ, తెలుగు ప్రాంతాల పాత ఇళ్లను విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. పోయి చూడండి. మందం గోడలు, వాలు కప్పులు, వీధివైపు నీడ. తమిళంలో తిణ్ణై, మనకు అరుగు. ఆ ఇళ్లు కట్టినవాళ్లు మధ్యాహ్నాన్ని మనసులో పెట్టుకొనే కట్టారు. దారినపోయేవాడు కూడా నడిపొద్దున కూర్చొని పోవడానికి వీధి అరుగు కట్టిన జాతి మనది. వాళ్లు సోమరులు కారు. పొద్దున చల్లటివేళ, సాయంత్రం చల్లటివేళ పనిచేసి, నడుమ ఎండను పోనిచ్చారు.

చివరిగా మన సంఘానికి ఇందులో ఉన్న లాభం. మన సంఘం ఎందుకు పెట్టుకున్నాం? మూడు నాలుగు తరాలుగా తమిళనాడులో ఉన్నాం. మేము చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట మాత్రం తెలుగు, అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాం. మా మనవలకు ఆ మాట కూడా జారిపోతోంది. పార్కు క్యూలో నిలబడ్డ పిల్లవాడు ఎవరితో ఏం మాట్లాడతాడు? ఆట ఎక్కితే కేక పెడతాడు, కేకకు భాష లేదు. కాని నీడలో జమక్కాళం పరిచి, అవ్వ పక్కన పడుకోబెట్టి చూడండి. మొన్నటి సంక్రాంతి మీటింగులో చూశాం కదా. ఒక అవ్వ నేల మీద గుంటలు గీసి చింతపిక్కలు పెట్టింది. పిల్లలు పల్లాంగుళి అన్నారు. "దాన్ని మనం వామనగుంటలు అంటాంరా" అంది. పిల్లకాయలు ఆ మాటను ఒకరికొకరు చెప్పుకొని నవ్వారు, కాని మరిచిపోలేదు. ఆడు పులి ఆట్టం మన పులిజూదమే అని ఇంకొక తాత చెప్పాడు. ఎనభై మంది తెలుగువాళ్లు ఒక్కచోట రెండున్నర గంటలు పనిలేకుండా కూర్చునే రోజు ఏడాదిలో ఇంకెప్పుడు వస్తుంది? ఆ వేళను క్యూలకు పోగొట్టుకోవద్దు.

కమిటీకి మా మనవి ఇట్లా:

ఉదయం 6.00కు బస్సు బయలుదేరాలి, గేటు తెరిచేవేళకు మనం అక్కడ ఉండాలి.
పొద్దున పొడి ఆటలు, ఎండ ముదరకముందే పెద్ద క్యూలు.
12.30కు అందరూ హాల్టుకు. ముందు మజ్జిగ, తరువాత భోజనం, మాత్రలు ఉన్నవాళ్లకు మాత్రలు.
2.00 దాకా అందరూ, 3.00 దాకా పిల్లలు, పెద్దలు, తల్లులు, డ్రైవరు.
3.00 నుంచి నీళ్లు, తరువాత మిగిలిన ఆటలు, 6.15కు బస్సు.
ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇరవై, వాటి మీద రాసినన్ని నీళ్లల్లోనే కలపాలి.
పార్కువాళ్లను హాలు, నీళ్ల ఆటల వేళలు ఈ వారంలోనే అడగాలి.

వచ్చే ఆదివారం కమిటీ మీటింగులో దీన్ని పెట్టమని కోరుతున్నాం. ఒప్పుకోనివాళ్లు కూడా వచ్చి చెప్పండి, వింటాం. టూరుకు రావడం మానేసిన పెద్దవాళ్ల ఇళ్లకు మేమిద్దరం పోయి పిలుస్తాం. కాని పిలిచేటప్పుడు చేతిలో ఆ మార్చిన ప్రోగ్రాం కాగితం ఉండాలి. "మీకోసం హాల్టు పెట్టాం, రండి" అని చెప్పగలగాలి.